అత్త పాతిపెట్టి పోయిన రాగులు

ఈ కబురు నాకు మొట్టమొదట తెచ్చింది మా ఆడబిడ్డ. మా ఆయనకు పెదనాన్న కూతురు, రాయల్పాడు పక్కన పల్లెలో ఉంటుంది. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఉన్న మా ధాన్యం అంగడికి ఎప్పుడు వచ్చినా వట్టి చేతులతో రాదు. అనపకాయలో, చింతచిగురో, ఆవు ఈనితే జున్నుపాలో తెస్తుంది. ఆరోజు మాత్రం ఏమీ లేదు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చెమటైనా తుడుచుకోకుండా రాగి మూట మీద కూలబడింది.

"వదినా, సముద్రం నడాన ఉండే చిన్న దేశంనించి ఒక ఆఫీసరమ్మ వస్తా ఉండాదంట. మన పాతర చూసేదానికి."

"మన పాతర సంగతి ఆమెకెట్ల తెలిసిందే?"

"వ్యవసాయం ఆఫీసాయప్ప చెప్పినాడంట. ఆ దేశంలో ఓడ వస్తేనే బియ్యమంట, ఓడ వస్తేనే పిండంట. గాలీవానా వచ్చి ఓడ నిలిచిపోతే తినేదానికి లేదంట పాపం. తిండి ఎట్ల దాచిపెట్టుకోవల్లో తెలుసుకొనేదానికి ఆయమ్మను పంపినారంట. ఇంగ అమ్మేమో పట్టు పట్టుకోని కూచోనుండాది. నువ్వు రానిదే మూత తియ్యనీదంట."

అమ్మ అంటే మా పెద్దత్త.

పాతర అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. గట్టినేల చూసి లోపలికి పెద్ద బాన ఆకారంలో తవ్వుతారు. పొట్ట వెడల్పు, మూతి మాత్రం ఒక మనిషి దిగేటంత. లోపల కసువు కాల్చి గోడలను ఆరబెట్టి, రాగిగడ్డి పరిచి, రాగులు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, బండ మూసి మట్టి మెత్తుతారు. తడీ గాలీ సోకకపోతే రాగులు ఏళ్ళ తరబడి ఉంటాయి. ఒకప్పుడు మా వైపు ప్రతి రైతు దొడ్లోనూ ఒకటి ఉండేదట. గోనెసంచులు వచ్చాయి, రేషను అంగళ్ళు వచ్చాయి, పాతరలు ఒక్కొక్కటే పూడిపోయాయి. పెద్దత్త పాతర ఒక్కటి పశువుల కొట్టం పక్కన మిగిలింది.

ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. పాతర నింపిన ఆడమనిషి తన చేత్తో దాన్ని తెరవకూడదు. ఆమె తర్వాత ఆ ఇంటి పొయ్యి ముట్టించే మనిషి, అంటే కోడలు, తెరవాలి. తెరిచినప్పుడు నింపినామెను తలుచుకుని, "అత్తా, నువ్వు పెట్టినావు, మేము తింటా ఉండాము" అని అందరూ వినేటట్టు అనాలి. తొలి చేట రాగులు ఇంట్లోకి పోకూడదు, బయటివాళ్ళకు పెట్టాలి. పెద్దత్త తన అత్త నింపింది తెరిచింది, ఆ తర్వాత తాను నింపింది. ఆమెకు ఉన్నది ఒక్క కూతురు. కూతురు ఇంకో ఇంటి మనిషి అయిపోయింది కాబట్టి ఆ మూత తెరవడానికి కోడలి వరస నేను ఒక్కదాన్నే.

పాతర నా చేతికి రావడానికి ఇంకో కారణం కూడా ఉందని ఆడబిడ్డ నవ్వుతూ చెప్పింది. "నా కోడలికి ఇంగ్లీసు వస్తాది, ఆయమ్మతో మాట్లాడతాదని అమ్మ ఊరంతా చెప్పుకోని తిరగతా ఉండాది."

నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంతో దేవుడికి తెలుసు. చిన్నప్పుడు జబ్బు చేసి నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి దేవుడి పాటల పుస్తకంతో తెలుగు అక్షరాలు నేర్పించాడు. బంగారు గనుల ఊరిగాంలో మా పక్క క్వార్టర్సులో ఒక ఆంటీ ఉండేది, గని డాక్టరు దగ్గర పనిచేసి రిటైరైంది. సాయంత్రం వరండాలో బల్ల వేసి నాకు ఇంగ్లీషు చెప్పింది. పాఠానికి ముందు ఆమె ఏసుప్రభువుకు, నేను మా వేంకటరమణుడికి, ఆ ఒక్క బల్ల దగ్గరే దండం పెట్టుకునేవాళ్ళం. ఆ మాటలు ఎప్పటికైనా పనికొస్తాయని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. నాకు దొరికిన మంచిలో సగం ఇలా పక్కింటి నుంచి వచ్చిందే.

వాళ్ళు వస్తామన్న రోజు పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి బస్సెక్కాను. మామిడి పూత రాలి పిందె పడే కాలం. పెద్దత్త ముగ్గు వేయించి, తాను తలస్నానం చేసి, అరుగు మీద పెళ్ళివారి కోసం ఎదురుచూసినట్టు కూర్చుంది.

"ఏమ్మే, ఇప్పుడా వచ్చేది? ఓడగాని ఎక్కి వచ్చినావా?" అంది నన్ను చూసి.

జీపులో ఇద్దరే దిగారు. ఒకామె ఆ దేశపు ఆఫీసరు. నా వయసే ఉంటుంది, భారీ మనిషి, ముఖం నిండా నవ్వు. రెండో ఆయన ఆమె మాటలు మనకు, మన మాటలు ఆమెకు చెప్పడానికి బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చాడు. మైసూరు వైపు మనిషి. "తెలుగు చెన్నాగ వస్తుంది మేడం, మీ సినిమాలు ఒక్కటీ వదలను" అన్నాడు. ఇంకేం, నా ఇంగ్లీషుకు పనిలేదని ఊపిరి పీల్చుకున్నాను.

ఆడబిడ్డ కనకాంబరాల మూర ఇస్తే, ఆఫీసరమ్మకు జడ లేదు కదా, చెవి వెనక దోపుకుంది. కాఫీ తాగుతూ తాను వచ్చిన పని చెప్పింది. వాళ్ళ దేశం ఒక పెద్ద దీవి, చుట్టూ దూరదూరంగా చిన్న దీవులు. పెద్ద దీవి రేవులో సిమెంటు గోదాము కట్టాలని ప్రణాళిక రాసింది ఈమే. అది బాగానే ఉంది. కానీ చిన్న దీవులకు ఏం రాయాలో తోచలేదు. పోయిన తుఫానుకు ఆమె తల్లి ఉండే దీవిలో పడవలు ఆగే కట్ట కొట్టుకుపోయింది. వారాల తరబడి ఓడ రాలేదు. ఉన్న బియ్యం ఉప్పుగాలికి ముక్కిపోయింది. కొబ్బరి, పచ్చి బొప్పాయి తిని పిల్లలు జబ్బున పడ్డారు.

"మళ్ళీ తుఫాను వస్తుంది. ఎప్పుడనేదే తెలియదు. ఓడ పోవడానికీ మళ్ళీ రావడానికీ మధ్య మా అమ్మ ఏం తింటుంది? నేను రాయాల్సిన కాగితంలో ఆ ఒక్క చోటు ఖాళీగా ఉంది" అంది. నవ్వు ముఖం ఆ మాట దగ్గర మారిపోయింది.

ఆయన దాన్ని తెలుగులో చెప్పేసరికి పెద్దత్త లేచింది. "ఇంగ కూచుంటే ఎట్లా? లెయ్యండి, మూత తియ్యండి."

ఆడబిడ్డ మొగుడు మట్టి కొట్టి బండను పక్కకు జరిపాడు. నేను చెయ్యి తగిలించాను, అది తెరిచినట్టు లెక్క. పాత గడ్డి వాసన, ముక్కిన వాసన గుప్పున కొట్టింది. తాడుకు కట్టి దీపం దించితే సగంలోనే ఆరిపోయింది. లోపల ఊపిరాడని గాలి ఉందని అర్థం, దిగితే మనిషి దక్కడు. చెరుగుతున్నట్టు చేటతో విసిరి, గాలి ఆడనిచ్చి, మామిడిచెట్టు కింద అందరం కూర్చున్నాం.

ఊరికే కూర్చోవడం పెద్దత్తకు చేతకాదు. కరువు కథ ఎత్తుకుంది.

"మా అత్త పోయిన మరుసటేడే కరువొచ్చె స్వామీ. చుక్క వాన లేదు. పిలకాయలు ఆకలికి అల్లాడతా ఉండారు. ఇంగ చూసి చూసి, మా అత్త పాతిపెట్టింది ఉండాది గదా అని, పొద్దున్నే లేసి తవ్వితిమి. ఊర్లో అందరికీ తలా ఇంత పంచి, మేమూ తింటిమి. అన్నేండ్లు మట్టిలో ఉన్నా చెడిపోలా. కొంచెం కంపు కొట్టె. కడిగి ఎండబెడితే అదీ పాయె."

ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటే ఇంగ్లీషులో పెట్టాడు. నాకు అర్థమైనంత వరకు ఇదీ ఆయన చెప్పింది: అత్తగారు చనిపోయారు. కరువు వచ్చింది. పిల్లలు ఆకలితో ఉన్నారు. పాతిపెట్టిన అత్తగారిని తవ్వి తీశారు. ఊరందరికీ పంచారు. వీళ్ళూ తిన్నారు. ఆమె చెడిపోలేదు. కడిగి, ఎండబెట్టి...

అక్కడ ఆగిపోయాడు.

ఆఫీసరమ్మ కాఫీ లోటా కింద పెట్టింది. జీపెక్కి పారిపోతుందేమో అనుకున్నాను. పారిపోలేదు. దగ్గరికి జరిగి పెద్దత్త రెండు చేతులూ పట్టుకుంది. "అంత ఆకలి చూశారా అమ్మా? మిమ్మల్ని తప్పు పట్టేవాళ్ళెవరు? దేవుడికి తెలుసు" అంది. కళ్ళలో నీళ్ళు.

"ఏమంటా ఉండాదే ఆయమ్మ? యాల ఏడస్తాది?" పెద్దత్త నా వైపు తిరిగింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరిగాం ఆంటీని తలుచుకుని నోరు తెరిచాను. అత్తను కాదండీ, రాగులను. అత్త నింపిన రాగులను తవ్వి తిన్నారు. అత్తను తీసుకుపోయి వంక పక్కన మర్యాదగా సాగనంపారు, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఇంతా ఇంగ్లీషులో చెప్పాక తెలుగులో పెద్దత్తకు చెప్పాను.

పెద్దత్త ఒక్క క్షణం బిర్రబిగుసుకుని, ఆపైన పగలబడి నవ్వింది. "మా అత్తనా? అయ్యో నా స్వామీ! ఆయమ్మను ఉడకబెట్టల్లంటే కొండమీది కట్టెలన్నీ చాలవే! బతికుండంగానే ఉడకలేదు, చచ్చినాక ఉడకతాదా?"

ఆడబిడ్డ నవ్వలేక నేల మీద కూలబడింది. మైసూరాయన ముఖం ఎర్రబడి, "సారీ అజ్జీ, తప్పాయితు, తప్పాయితు" అని రెండు చెంపలూ వాయించుకున్నాడు. పెద్దత్త మాటలు నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ఆఫీసరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ పొరపాటుకు నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. అది జరగకపోతే ఆమె పాతర ఫోటోలు తీసుకుని, కొలతలు రాసుకుని, జీపెక్కి వెళ్ళిపోయేది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ ఆమె అన్న మాట వేరు.

"మా అమ్మమ్మ కూడా పాతిపెట్టేది."

వాళ్ళ దీవుల్లో పనసకు చెల్లెలు లాంటి చెట్టు ఒకటి ఉందట. కాపు కాసినప్పుడు తినలేనన్ని కాయలు. వాటిని ఒలిచి, అరిటాకులు మందంగా పరిచిన గుంటలో వేసి, ఆకులు కప్పి, రాళ్ళు పేర్చి పూడ్చేవాళ్ళట. లోపల పులిసి పిండిలా అవుతుంది. నెలలూ ఏళ్ళూ ఉంటుంది. కావాల్సినప్పుడు తీసి, పిసికి, ఆకులో చుట్టి కాల్చుకోవడమే. కంపు మాత్రం భరించలేరట. ఈమె చిన్నప్పుడు పిల్లలు ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్ళట. ఓడలో తెల్లటి పిండి రావడం మొదలయ్యాక, గుంట ఉన్న ఇల్లంటే లేనివాళ్ళ ఇల్లని పేరు పడింది. ఒక్కొక్కటే పూడ్చేశారు. ఆ విద్య తెలిసినవాళ్ళలో ఆమె తల్లి ఒక్కతే మిగిలింది.

"ఇంత దూరం వచ్చాను. అది మాత్రం నాకు గుర్తే రాలేదు" అంది. ఆ మాటలో సిగ్గు లేదు, పోయిన వస్తువు దొరికినట్టు ఉంది. వెంటనే అనుమానం పుట్టింది. "కానీ మా ఆఫీసులో ఈ మాట ఎత్తితే ముక్కు మూసుకుంటారు."

"మూసుకోనీమ్మా. నోరుండాది గదా తినేదానికి," అంది పెద్దత్త.

ఆమెకు ఇంకో బెంగ కూడా ఉంది. నింపడం నేర్పవచ్చు, కానీ తుఫాను వచ్చేదాకా ఎవరు ఆగుతారు? పండగ వస్తే తీస్తారు, చుట్టాలు వస్తే తీస్తారు. అవసరానికి చూస్తే గుంట ఖాళీ. అప్పుడు పెద్దత్త మా ఇంటి ఆనవాయితీ చెప్పింది. ఈసారి మైసూరాయన నా వైపు చూశాడు, నేను ఇంగ్లీషులో చెప్పాను. నింపిన చెయ్యి వేరు, తెరిచే చెయ్యి వేరు. ఆఫీసరమ్మ మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"మరి నింపినామె తినదా?"

"తినకేం? వేరే ఇంట్లో తెరిస్తే తినొచ్చు. తనది మాత్రం తనకోసరం కాదు," అంది పెద్దత్త. "అదేం పెద్ద త్యాగం కాదులేమ్మా. మా అత్తది నేను తింటి. నాది నా కోడలు తింటాది. లెక్క సరి."

ఈలోగా దీపం మళ్ళీ దించితే ఆరకుండా అడుగుదాకా వెళ్ళి వెలిగింది. ఆడబిడ్డ మొగుడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మొదటి చేట పైకి వచ్చింది. రంగు కొంచెం నల్లబడింది, గింజ మాత్రం గట్టిగా ఉంది. అందరూ నా నోటివైపు చూశారు. నింపినామె నా ఎదురుగా నిలబడి ఉంటే ఆ మాట ఎలా అనేది?

"చెప్పు మే! నేను ఇంగా చావలేదని నోరు రాలేదా?" అని కసిరింది పెద్దత్త.

"అత్తా, నువ్వు పెట్టినావు, మేము తింటా ఉండాము" అన్నాను. పెద్దత్త అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆఫీసరమ్మ ఆ మాటను అచ్చం మా యాసలోనే నేర్చుకుని, రెండు మూడుసార్లు పలికి చూసుకుంది.

తొలి చేట ఆమెదే. కానీ గింజలు విమానంలో తీసుకుపోవడానికి రూల్సు ఒప్పుకోవట. వాటిని కడిగి, ఎండబెట్టి, పిండి విసిరేదాకా ఆమె ఉండే వీలూ లేదు కాబట్టి, ఇంట్లో ఉన్న పిండితోనే రాగిముద్ద చేశాం, అనపగింజల పులుసు పోశాం. ఆ చేటను ఆమె పేరు మీద ఎదురింటి వాళ్ళకు ఇచ్చాం. ముద్దను ఆమె నమలబోతే ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని ఆపింది. "నమలగూడదు, మింగల్ల. నమిలితే ముద్దకు కోపమొస్తాది." మింగి, కళ్ళు పెద్దవి చేసి, ఇంకో ముద్ద అడిగింది. రాగులు వాళ్ళ ఇసుకనేలల్లో పండుతాయో లేదో తెలియదు. ఆమె మా ఊరినుంచి తీసుకుపోయింది ఒక వాక్యం, ఒక ఆనవాయితీ, చెవి వెనక వాడిపోయిన కనకాంబరాలు. అంతే.

ఆ తర్వాత చాలా కాలం ఏ కబురూ లేదు. అంగడిలో పొద్దు గడిచిపోయేది. రేడియోలో తుఫాను మాట వినిపిస్తే, అది మన బంగాళాఖాతానిదే అయినా, చేతిలో పని ఆపి ఆ దీవి తల్లికోసం దండం పెట్టుకునేదాన్ని. అంతకన్నా నాకు చేతనైంది లేదు.

ఈమధ్య ఒకరోజు మైసూరాయన మా అంగడికి వచ్చాడు. కోలారులో ఏదో పని చూసుకుని, ఇటుకేసి బస్సెక్కి మరీ వచ్చాడు. ఆఫీసరమ్మ ఫోనులో చెప్పిన కబురు నాకు స్వయంగా చెప్పాలనుకున్నాడట.

రేవులో గోదాము కట్టారు. అది మంచిదే. చిన్న దీవులకు ఖాళీగా ఉన్న చోట ఆమె పాతర అని రాసింది. మీటింగులో కొందరు నవ్వారు. కొన్ని దీవులవాళ్ళు మాకొద్దన్నారు. ఆమె తల్లి ఉన్న దీవివాళ్ళు మాత్రం ఒప్పుకున్నారు. ఆ ముసలితల్లి తానే చెట్ల కింద కూర్చుని, కాయలు ఒలిపించి, ఆకులు పరిపించి, పడుచుపిల్లలకు పని నేర్పుతూ, ఇంటింటికీ ఒక గుంట నింపించింది. తన ఇంటి గుంట తన చేతుల మీద నింపింది. నింపినవాళ్ళు తెరవకూడదని ఊరందరితో ఒప్పించింది. తర్వాత కొన్నాళ్ళకు నిద్రలోనే ప్రశాంతంగా కన్నుమూసింది.

ఆమె పోయాక తుఫాను వచ్చింది. ఓడ ఆలస్యమైంది.

"ఆయమ్మ కోడలు పాతర తెరిచిందంట మేడం," అన్నాడు మైసూరాయన. ఇప్పుడు ఆయన తెలుగు చాలా బాగుపడింది. "వాళ్ళ భాషలో ఆ మాట చెప్పిందంట. అత్తా, నువ్వు పెట్టినావు అని. ఓడ వచ్చేదాకా పిల్లలెవరికీ జబ్బు చేయలేదంట. మీకూ అజ్జికీ చెప్పమని ఆఫీసరమ్మ ఫోనులో ఏడ్చింది." తల గోక్కుంటూ, "ఈసారి తప్పు చెప్పలేదు మేడం, రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను," అన్నాడు.

మర్నాడే పల్లెకు పోయి పెద్దత్తకు చెప్పాను. "ఆయమ్మ నోట్లో పెట్టుకోలేదు గదా. పెట్టి పోయింది," అంది. తర్వాత, "పేరేమంట?" అని అడిగింది. నేను అడగలేదు. మైసూరాయనకూ తెలియదు. "పేరెందుకులే, మన అత్తే" అని ఆమే సర్దుకుంది. దేవుడి గూట్లో ఆరోజు దీపం ఒకటి ఎక్కువ పెట్టింది.

ఈ ఏడు రాగులు రాగానే పాతర మళ్ళీ నింపించింది. ఈసారి తొలి చేట పోయించింది నాచేత. బండ మూశాక నవ్వుతూ అంది, "ఇంగ నువ్వు నింపినావు. నువ్వు తియ్యగూడదు." ఎవరు తెరుస్తారో నాకు తెలియదు. తెరిచే వేళకు నేను ఉంటానో లేదో తెలియదు. బండ మీద మట్టి మెత్తుతుంటే మనసు ఎంత తేలికపడిందో మాత్రం తెలుసు. నాకు అక్షరాలు నేర్పిన నాన్నకు, మాటలు నేర్పిన ఊరిగాం ఆంటీకి, పాతర నా చేతికిచ్చిన పెద్దత్తకు ఈ జన్మకు సరిపడా దండాలు పెట్టుకున్నాను.

ఇది చదివినవాళ్ళను ఒక్కటి అడుగుతాను. ఈసారి మీ ఇంట్లో ముద్ద చేసినప్పుడు, తొలి ముద్ద మింగే ముందు, ఎక్కడో సముద్రం నడుమ తాను తినని తిండిని ఆకుల్లో చుట్టి దాచి వెళ్ళిపోయిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి. పేరు తెలియదు. అత్తా అంటే చాలు.